క్షమించడానికి ఒక తప్పు కావాలి

స్కూలు నుంచి కాగితం వచ్చిందంటే సత్యవేణి ముందు చేతులు కొంగుకి తుడుచుకుంటుంది, ఆ తర్వాతే చదువుతుంది. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా ఇంట్లోవాళ్ళు పుస్తకాలు అటకెక్కించి, ఆమెని పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టారు. అందుకని కూతురి డైరీలో టీచరు ఎర్రసిరాతో "గుడ్" అని రాసినా, నిజంగానే రాసిందో వెటకారంగా రాసిందో తేల్చుకోవడానికి ఆమెకి రెండు రోజులు పడుతుంది.

ఈసారి కాగితం నిండా అక్షరాలే. గుమ్మంలో కూర్చుని, వేలు కింద పెట్టుకుని చదివింది.

"ఇందుమూలముగా తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, నేటి బాలబాలికల నైతిక విలువలు ఆందోళనకర స్థాయికి పడిపోయినట్లు యాజమాన్యం దృష్టికి వచ్చినందున, ఈ విద్యాసంవత్సరము నుండి సత్ప్రవర్తనను వంద మార్కుల సబ్జెక్టుగా ప్రవేశపెట్టడమైనది. దయకు ఇరవై, నిజాయితీకి ఇరవై, సత్యమునకు ఇరవై, క్షమకు ఇరవై, పెద్దల యెడ గౌరవమునకు ఇరవై. ముప్పై ఐదు రాని వారు పై తరగతికి అనర్హులు."

"ఏవండీ, దీన్లో తప్పితే పిల్ల మళ్ళీ నాలుగో క్లాసే చదవాలంట," అంది భర్తతో.

సూరిబాబు బస్సు డిపోలో మెకానిక్కు. చేతుల గ్రీజు తుడుచుకుంటూ, "మన హంసిని మంచి పిల్లే కదా. ఎందుకు తప్పుద్ది?" అన్నాడు.

"మంచిపిల్లయితే చాలదండీ. మార్కులు రావాలి."

అదే మాటని కరస్పాండెంటు పరశురామయ్య గారు పేరెంట్సు మీటింగులో ఇంకా అందంగా చెప్పారు. "మహనీయులారా! ఇన్నాళ్ళూ మంచితనం మనుషుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడి, దిక్కూ మొక్కూ లేకుండా తిరిగింది. ఇక అలా కుదరదు. కొలతకి అందని మంచితనం నా స్కూల్లో ఉండడానికి వీల్లేదు!" జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళ పేర్లు ఎవరైనా రాసుకుంటున్నారేమోనని సత్యవేణి ఇంకాస్త గట్టిగా కొట్టింది.

ఆ తర్వాత విలువల విభాగం ఇన్‌చార్జి స్వరాజ్యలక్ష్మి మేడమ్ లేచి, సత్కార్య నివేదిక అనే ఫారాన్ని ఎత్తి చూపించింది. మంచిపని చేసిన ప్రతిసారీ మూడు కాపీలు నింపాలి. లబ్ధిదారు సంతకం లేక వేలిముద్ర, ఇద్దరు సాక్షులు, ఒక ఫొటో. ఫొటోలో మంచిపని జరుగుతూ ఉండాలి. జరిగిపోయి ఉండకూడదు.

సత్యవేణి చెయ్యెత్తింది. ఎత్తాక భయమేసింది గానీ అప్పటికే అందరూ చూసేశారు. "మేడమ్ గారూ, మా పిల్ల ఇంటికాడ తమ్ముణ్ణి ఆడిస్తాదండి. నాకు జొరమొస్తే అన్నం కూడా వార్చేసిందండి. అయి రాయొచ్చాండి?"

"బంధువులకి చేసింది దయ పద్దు కిందికి రాదమ్మా. అది ఇంటి పని."

*

వారం తిరిగేసరికి ఊళ్ళో దయ పొందేవాళ్ళకి కరువొచ్చింది. కుంటికుక్కలన్నిటికీ కట్లు పడ్డాయి. కుంటనివాటికీ పడ్డాయి. కూరగాయల సంచి పట్టుకుని ఏ ముసలావిడ వీధిలో కనిపించినా నలుగురు పిల్లలు నాలుగు పక్కల నుంచీ లాగుతున్నారు. ఇక కాలవ వంతెన దగ్గర టీ కొట్టు బల్ల మీద కూర్చునే సింహాద్రి తాత సంగతి చెప్పనక్కర్లేదు. బళ్ళకెళ్ళే వేళ మొదలైతే ఆయన్ని ఇటువైపు పిల్లలు అటు దాటించేవారు. అటునుంచి వచ్చే పిల్లలు మళ్ళీ ఇటు దాటించేవారు.

సత్యవేణి కూతురికి రెండు జడలు బిగించి, ఫారాలు మూడూ ప్లాస్టిక్ కవరులో పెట్టి, తనే వెంటబెట్టుకుని వెళ్ళింది. తాత బొటనవేలు వంకాయ రంగుకి తిరిగి ఉంది.

"పింఛనాఫీసులో కూడా ఇన్ని ముద్దర్లు ఎయ్యలేదే తల్లీ," అన్నాడు. "టీ తాగుదావని కూకుంటన్నాను. గలాసు సగంలో ఉండగానే లేపుకుపోతన్నారు. అటుపక్కన టీ కొట్టు లేదు కదా, నాకేం పనుంటాది అక్కడ?"

హంసిని ఆయన మొహంలోకి చూసి, "తాతా, రోడ్డు దాటతావా?" అని అడిగింది.

"వద్దమ్మా."

"సరే," అని బల్ల మీద పక్కనే కూర్చుంది.

"ఏమే, దాటించవే!" అంది సత్యవేణి. చేతిలో ఫోను ఫొటోకి సిద్ధంగా ఉంది.

"వద్దన్నాడు కదమ్మా."

సింహాద్రి తాతకి జాలేసింది. "పోనీ ముద్దరేసేత్తాను, దాటించేసినట్టు రాసేసుకో బుల్లీ. ఈ ఏలు ఎలాగూ పాడైపోయింది."

"దాటలేదు కదా తాతా," అంది హంసిని.

దయలో సున్నా వచ్చింది. దాటించకుండానే దాటించానని రాసి, మర్నాడు ఆ సంగతి ఒప్పుకుంటే సత్యంలో ఐదు మార్కులు ఇస్తారని, అలా ఇద్దరు పిల్లలు తెచ్చుకున్నారని ఆ తర్వాత తెలిసింది. అబద్ధం ఆడని పిల్లకి ఒప్పుకోవడానికి ఏమీ లేక సత్యంలోనూ సున్నాయే వచ్చింది.

నిజాయితీకి మేడమ్ మంచి ఏర్పాటే చేసింది. దొరికిన వస్తువు తిరిగి ఇవ్వాలంటే ముందు ఎవరో పారేసుకోవాలి కదా. అందుకని సోమ, బుధ, శుక్రవారాల్లో బేసి నంబర్ల పిల్లలు పోగొట్టుకోవాలి, సరి నంబర్లవాళ్ళకి దొరకాలి. మిగతా రోజుల్లో తిరగేసి. హంసినిది పదిహేడో నంబరు. ఒక సోమవారం వరండాలో ఆమెకి నిజంగానే ఒక తాళంచెవుల గుత్తి దొరికింది. తీసుకెళ్ళి మేడమ్‌కి ఇచ్చింది.

మేడమ్ గుత్తి వంక చూడలేదు. పట్టిక వంక చూసింది. "ఇవాళ నువ్వు పోగొట్టుకునే బ్యాచ్. దొరకడం రేపు. ఎక్కడ తీశావో అక్కడే పెట్టెయ్."

హంసిని అక్కడే పెట్టేసింది. సాయంత్రం ఆయా వరండా ఊడ్చి చెత్త కాలవలో పోసేసింది. అవి సత్కార్య నివేదికలు దాచిన బీరువా తాళాలని, మేడమ్‌వేనని మంగళవారం బయటపడింది. బీరువా బద్దలు కొట్టించారు. దానికి ఎవరికీ మార్కులు రాలేదు. కావాలని పారేసినవాటిని దొరికాయని రాయనన్న హంసినికి నిజాయితీలోనూ సున్నాయే.

పెద్దల యెడ గౌరవంలో మాత్రం పదిహేను వచ్చాయి. దానికి నమస్కారం పెడితే చాలు. సత్యవేణి వేళ్ళ మీద లెక్కేసుకుంది. పదిహేను. ఇంకో ఇరవై కావాలి. మిగిలింది క్షమ ఒక్కటే.

*

క్షమ దగ్గరే స్కూలంతా ఆగిపోయింది. తప్పు చేస్తే పది మార్కులు కోత కాబట్టి ఎవరూ తప్పు చెయ్యడం లేదు. నాలుగు వందల మంది పిల్లల్లో ఏడు వారాలుగా ఒక్క ఫిర్యాదు లేదు. ఎవరైనా ఎవరి కాలైనా తొక్కితే, తొక్కించుకున్నవాడే "నేనే కింద పెట్టానండీ" అంటున్నాడు. తప్పులు లేక సిలబస్ వెనకబడిందని మేడమ్ ఒక నివేదిక రాస్తే, పరశురామయ్య గారు రెండు రోజులు తలుపులేసుకుని ఆలోచించి ఉత్తర్వు తీశారు.

"క్షమాగుణ వికాసమునకు అపరాధముల కొరత ఏర్పడినందున, నేటి నుండి అపరాధ విధి ప్రవేశపెట్టడమైనది. ప్రతి విద్యార్థీ తనకు కేటాయించిన దినమున, కేటాయించిన తోటి విద్యార్థి పట్ల, కేటాయించిన తప్పు చేయవలెను. ఇట్టి తప్పులకు కోత వర్తించదు. తప్పు చేసిన వారికే మరుసటి వారం క్షమించు అవకాశం కల్పించబడును. అప్పగించిన తప్పు చేయకపోవుట ఎవరి విషయములోనైనను తీవ్ర క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణించబడును."

హంసినికి గురువారం మూడో పీరియడ్ పడింది. పక్క బెంచీ కుందన వీపు మీద అరచేత్తో ఒక దెబ్బ. చీటీ మీద స్టాంపు కూడా ఉంది.

గురువారం సాయంత్రం సత్యవేణి గేటు దగ్గరే అడిగింది. "కొట్టావా?"

"లేదమ్మా."

"ఏమే?"

"కోపం రాలేదు."

రెండో గురువారం కూడా రాలేదు. ఆ సాయంత్రమే కుందన వాళ్ళమ్మా నాన్నా స్కూటరు మీద, మధ్యలో కుందనని కూర్చోబెట్టుకుని, కాజాల పెట్టెతో వచ్చారు. ఆవిడ బ్యాంకులో ఉద్యోగం. సత్యవేణి కంగారుగా కుర్చీ తుడిచింది.

"మీరే మాకు సాయం చెయ్యాలండీ," అంది కుందన వాళ్ళమ్మ, రెండు చేతులూ పట్టేసుకుని. "అన్నిట్లోనూ ఫుల్ మార్కులండి మా పాపకి. క్షమలోనే ఆగిపోయింది. మీ హంసిని చేత ఒక్క దెబ్బ కొట్టించండి, మీకు పుణ్యముంటుంది."

"అయ్యో, నేను చెప్తానే ఉన్నానండి. దానికి చెయ్యి రావట్లేదంటండి."

"కావాలంటే మా పాపే ముందు రెచ్చగొడుతుందండీ," అన్నాడు కుందన నాన్న. "ఇంట్లో ప్రాక్టీసు చేయించాం. కుందనా, చెప్పమ్మా!"

కుందన చేతులు కట్టుకుని, కళ్ళు పైకప్పు మీద నిలిపి అప్పజెప్పింది: "హంసినీ, నీ జడలు ఎలకతోకల్లా ఉన్నాయి. నీ ముక్కు పకోడీలా ఉంది."

హంసిని జడ ముందుకి లాక్కుని చూసుకుంది. "అవును, ఎలకతోకే!" అని పకపకా నవ్వింది. కుందనా నవ్వింది. ఇద్దరూ కాజాలు తీసుకుని పెరట్లోకి పరిగెత్తారు. పెద్దవాళ్ళు ముగ్గురూ దిగాలుగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక సత్యవేణి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. "ఒక్కటెయ్యవే, నా బంగారుతల్లివి కదూ. మెల్లిగా, తట్టినట్టు. నొప్పి కూడా పుట్టదు."

"నొప్పి పుట్టకపోతే దెబ్బెలా అవుద్దమ్మా? కొట్టానని అబద్ధం రాసినట్టవుద్ది."

సత్యవేణికి ఎక్కడిదో ఉక్రోషం పొంగుకొచ్చింది. తన ఈడు వాళ్ళు టెన్తు, ఇంటరు అంటూ ముందుకెళ్ళిపోతుంటే తను గుమ్మంలో నిలబడి చూసిన రోజులన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. "నీకు నాలాగే వెనకబడిపోవాలనుందేటే? రేపటిదాకా గడువిచ్చారు. రేపు దాన్ని కొట్టకుండా ఇంటికొచ్చావో, నేను తలుపు తియ్యను!"

హంసిని బిత్తరపోయి చూసింది. ఆ చూపు గుర్తొచ్చి సత్యవేణి అన్నం కంచం సగంలోనే పక్కకి జరిపేసింది. పిల్ల మర్నాడూ కొట్టలేదు. తలుపు దగ్గర నిలబడి, "కొట్టలేదమ్మా. రానా?" అని అడిగింది. సత్యవేణి పక్కకి జరిగింది.

పిల్ల సంచీలో మెమో ఉంది. అప్పగించిన అపరాధ విధి పట్ల అలక్ష్యం. శనివారం పదకొండు గంటలకు సత్ప్రవర్తనా సంఘం ఎదుట తల్లితో సహా హాజరు కావలెను.

*

సంఘమంటే ముగ్గురు. మధ్యలో పరశురామయ్య గారు, కుడిపక్క స్వరాజ్యలక్ష్మి మేడమ్, ఎడమపక్క తల్లిదండ్రుల తరఫున కుందన నాన్న. సత్యవేణి పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా," అన్నారు పరశురామయ్య గారు, "మీ అమ్మాయి రెండు పర్యాయాలు, ఆపై గడువు పొడిగించిన శుక్రవారమూ, తప్పు చేయడానికి నిరాకరించింది. ఇలాంటి మొండితనాన్ని ఉపేక్షిస్తే రేపు పిల్లలందరూ తప్పులు మానేస్తారు. ఇక్కడ సంతకం పెడితే ఆఖరి అవకాశమిస్తాం. లేదంటే నాలుగో తరగతే."

కాగితం ముందుకి తోశారు. చదవకుండా దేని మీదా సంతకం పెట్టకూడదని సూరిబాబు పొద్దున్నే చెప్పి పంపాడు. సత్యవేణి వేలు కింద పెట్టింది. మనసులో చదవడం ఆమెకి రాదు. పైకే చదవాలి.

"నా... కు... మార్తె... తనకు అప్ప... అప్పగించబడిన తప్పు... చేయనందుకు... మిక్కిలి వి... చారిస్తున్నాను. ఇకపై ఆమెచే... స... సకాలంలో... తప్పులు... చేయించగలనని... హామీ... ఇస్తున్నాను."

అంత నెమ్మదిగా ఆ వాక్యాన్ని అంతవరకూ ఎవరూ వినలేదు. రాసినాయన కూడా వినలేదు. సత్యవేణి తలెత్తింది. ఎదురుచెప్పాలని కాదు, తను తప్పుగా చదివిందేమోనన్న అనుమానం. "పిల్ల చేత తప్పు చేయిస్తానని నేను సంతకం పెట్టాలాండి?"

కుందన నాన్న నవ్వాపుకోలేక దగ్గాడు. పరశురామయ్య గారి మొహం కందగడ్డయింది. బల్ల గుద్ది లేచారు.

"తొమ్మిదో క్లాసు గడప దాటని దానివి, నువ్వా నన్ను ప్రశ్నలడిగేది? నాలుగు ముక్కలు చదవడానికి పావుగంట పట్టింది! పెట్టమన్నచోట సంతకం పెట్టి పో!"

సత్యవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హంసిని వచ్చి అమ్మ చీరకుచ్చిళ్ళు పట్టుకుంది.

స్వరాజ్యలక్ష్మి మేడమ్ మాత్రం కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేసింది. "సార్! తప్పు సార్! కేటాయించని తప్పు! ఈ సంవత్సరంలో ఇదే మొదటిది!" అంటూ ఫారం కోసం పక్కగదిలోకి పరిగెత్తింది.

పరశురామయ్య గారు నిలబడే ఉన్నారు. ఎదురుగా రెండు జడల పిల్ల ఆయన్నే చూస్తోంది. కోపంగా కూడా కాదు, ఏదో పెద్ద వస్తువు కింద పడితే చూసినట్టు. ఆయన మెల్లిగా కూర్చున్నారు. "తప్పయిందమ్మా," అన్నారు. "నోరు జారాను."

"అయ్యో, పర్లేదండి," అంది సత్యవేణి, కళ్ళు తుడుచుకుంటూనే.

సరిగ్గా అప్పుడే మేడమ్ ఫారాలతో వచ్చింది. గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "అప్పుడే క్షమించేశారా! టైము వెయ్యలేదు, ఫొటో తియ్యలేదు, సాక్షుల సంతకాల్లేవు. రికార్డులోకి ఎక్కని తప్పుని క్షమిస్తే చెల్లదమ్మా!" ఒక్క క్షణం ఆలోచించింది. మొహం వెలిగింది. "పర్లేదు. సార్, ఇంకోసారి తిట్టండి. ఈసారి పాపని తిట్టండి. పాప క్షమిస్తుంది. ఇరవై, పదిహేను, ముప్పై ఐదు. పాస్!"

పాస్ అన్న మాట వినగానే సత్యవేణి ఏడుపు ఆగిపోయింది. రెండు చేతులూ జోడించింది. "తిట్టండి సార్. ఏవనుకోనండి. కొంచెం గట్టిగానే తిట్టండి."

పరశురామయ్య గారు లేచి చొక్కా సర్దుకున్నారు. మేడమ్ ఫోను ఎత్తి పట్టుకుంది. హంసిని తిట్టించుకోవడానికి వీలుగా ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"నువ్వు..." అన్నారాయన. "నువ్వొక..."

నీళ్ళు తాగారు.

"గాడిద అనండి సార్, సరిపోద్ది," అని అందించాడు కుందన నాన్న.

"గా..." అన్నారు. అక్కడే ఆగిపోయారు. ఇంకోసారి ప్రయత్నించారు. చెమట పట్టింది. "రావట్లేదు మేడమ్."

"నాక్కూడా అంతే సార్," అంది హంసిని ఓదార్పుగా. "కుందన్ని చూస్తే రాదు. ఏం చెయ్యాలో తెలీదు."

మేడమ్ చాలా నియమం గల మనిషి. ఫోను దించి, ఉత్తర్వుల ఫైలు తెరిచి, చూపుడువేలితో వెతికి పట్టుకుంది. "అప్పగించిన తప్పు చేయకపోవుట ఎవరి విషయములోనైనను, అని ఉంది సార్. ఎవరి విషయములోనైనను. మీ సంతకమే." చాలా బాధగానే, సత్యవేణి ముందున్న హామీ పత్రాన్ని ఆయన వైపు జరిపింది.

పరశురామయ్య గారు ఆ కాగితం చదువుకున్నారు. ఆయనకీ పావుగంట పట్టింది.

*

సోమవారం నోటీసు బోర్డు మీద కొత్త ఉత్తర్వు అతికించారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తప్పు చేయకపోవుట తప్పు కాదని యాజమాన్యము సుదీర్ఘ పరిశీలన అనంతరం నిర్ధారించడమైనది. ఇది గడచిన శనివారం ఉదయం పది గంటల నుండి అమలులోనికి వచ్చినట్లు భావించవలెను. తప్పు చేయుటకు నిరాకరించిన వారికి, అంతకు పూర్వము నిరాకరించిన వారికి సహా, క్షమ పద్దు కింద ఇరవై మార్కులు ఇవ్వబడును."

హంసిని ముప్పై ఐదు మార్కులతో పాసయింది. కుందన వాళ్ళమ్మ గోల చేస్తే, ఎవరూ చెప్పకుండా నిరాకరిస్తే అది లెక్కలోకి రాదు కాబట్టి, ప్రతి పిల్లకీ గురువారం మూడో పీరియడ్‌లో ఎవరినో ఒకరిని కొట్టమని ఆజ్ఞ ఇవ్వాలనీ, పిల్ల ఇద్దరు సాక్షుల ఎదుట నిరాకరించాలనీ తీర్మానించారు. మేడమ్ నిరాకరణ పట్టిక తయారుచేస్తోంది.

ఆ సాయంత్రం సత్యవేణి కూతురి సంచీ తన భుజానికి తగిలించుకుని కాలవగట్టు మీద నడిచింది. పాసైన సంతోషం పొద్దున్నే అయిపోయింది. ఇప్పుడు ఇంకోటేదో మిగిలి ఉంది. వంతెన దాకా వచ్చాక ఆగింది.

"హంసీ, మొన్న నేను నీకు తలుపు తియ్యనన్నాను కదా. అలా అనకూడదమ్మా. తప్పు నాదే."

హంసిని కనుబొమలు ముడిచి, నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "ఎప్పుడూ?"

"మొన్న గురువారం... కుందన వాళ్ళొచ్చిన రోజు."

"ఆ రోజు కాజాలు తిన్నాం," అంది హంసిని. ఇంకొంచెం ఆలోచించింది. ఏమీ తగల్లేదు. "అమ్మా, ఆకలేస్తోంది, తొందరగా నడువు," అని తల్లి చెయ్యి పట్టుకుని లాగింది.